మంజీర గడ్డలు – మకరి పునరాగమనము

భాగవతాష్టమస్కంధమున బమ్మెర పోతన గజేంద్రుని కథ నారంభించుటకు ముందు ఆ కథ జరిగిన తావును వర్ణించినాడు. అది పాలకడలి నడుమ నున్న త్రికూటపర్వతము. చుట్టును జలము, నడుమ గిరి, గిరిపై వనము, వనమున సరోవరము, సరోవరమున మకరి. చెట్లను, మృగములను, పక్షులను పేరుపేరున చెప్పిన పిమ్మటనే కవి ఏనుగును నీటికి దింపినాడు. లాక్షణికులు దీనిని వర్ణనల లెక్కలో వేసి ఊరకుందురు. మాకు మాత్రము ఇది ఒక ద్వీపముయొక్క జీవసంపదకు వ్రాసిన పట్టికవలె కానవచ్చుచున్నది. మఱియొక విశేషము కలదు. గజేంద్రమోక్షమనగానే మనకు ఏనుగు విడుదలయే స్ఫురించును. కాని మకరియు ఆ చక్రధారచేతనే విముక్తి నొందినది. దేవలుని శాపమున మొసలియైన హూహూ అను గంధర్వుడు పూర్వరూపమున వెడలినాడు. తరగతిలో అడిగినప్పుడు ఏనుగు పూర్వజన్మము నెఱిగిన విద్యార్థులు పలువురు తేలిరి. మొసలి పూర్వజన్మము నెఱిగినవారు ఒకరిద్దరే.

ఈ ఉపేక్ష కావ్యమునకే పరిమితమైనది కాదు. గుడిలో దేవుని శిరస్సుపై మకరతోరణమై, గంగకు వాహనమై, పంచాంగమున ఒక రాశియై వెలసిన ప్రాణికి మన యేళ్లలో నిలువనీడ లేని కాలము వచ్చినది. ఆ కాలము గడచి, మంజీరానదిలోని చిన్న ద్వీపములచెంత మొసలి మరల గూడుకట్టిన వృత్తాంతము నిందు విచారింపదలచితిమి. ఇది సాహిత్యవిషయము కాదని కొందఱు ఆక్షేపింపవచ్చును. స్థలనామములు, శబ్దార్థములు, నదీచరిత్ర కలిసిన చోట తెలుగుశాఖవారు నోరు మూసికొనవలసిన పని లేదని మా సమాధానము.

ఈ వృత్తాంతమున కొంతభాగము హైదరాబాదునకు నైరృతిదిక్కున, శంషాబాదునకు పోవు బాటలో నడచినది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన తరువాత ఆ బాట స్వరూపమే మారినది. విమానము దిగి మెహిదీపట్టణమునకు పోవు ప్రయాణికుడు హిమాయత్‌సాగరును ఒక ప్రక్కగా విడిచి, రాజేంద్రనగరును దాటి, అత్తాపురముమీదుగా స్తంభములపై కట్టిన వంతెనదారిని పోవుచున్నాడు. ఈ రాజేంద్రనగరు రోడ్డుననే ఒకప్పుడు కేంద్రీయ మొసళ్ల పెంపక, నిర్వహణ శిక్షణసంస్థ నెలకొని యుండెను. దేశములోని పలురాష్ట్రముల అటవీశాఖలవారికి మొసలి గ్రుడ్ల నెట్లు సేకరింపవలెనో, పిల్లల నెట్లు సాకవలెనో, ఎప్పుడు ఏటిలో విడువవలెనో నేర్పిన బడి యది. ఆ సంస్థ నేడు లేదు.

మొసళ్లు తరుగుటకు కారణములు అందఱెఱిగినవే. తోలువ్యాపారము మొదటిది. వలలలో చిక్కినవానిని కొట్టి చంపుట, ఒడ్డున పెట్టిన గ్రుడ్లను త్రవ్వి పాడుచేయుట, మడుగులు పూడిపోవుట తక్కినవి. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము వేటను నిషేధించినది. కాని నిషేధముచేత ఉన్నది నిలుచునే గాని పోయినది తిరిగి రాదు. 1974లో ఐక్యరాజ్యసమితి ఆహారవ్యవసాయసంస్థ నిపుణుడు బస్టర్డు మన దేశపు మొసళ్ల స్థితిని పరిశీలించి నివేదిక సమర్పించెను. దానిననుసరించి 1975లో ఒడిస్సాయందు మహానదీతీరమున టికర్‌పడావద్ద ఘరియాలుజాతితో పని మొదలైనది. నాటి ఆంధ్రప్రదేశమున మంచినీటిలో నివసించు మగ్గరుజాతి ముఖ్యమైనది. దానిని పెంచు భారము హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు, అటవీశాఖకు లభించినది.

వారి పద్ధతి వినుటకు సులభము, ఆచరించుటకు కష్టము. ఆడుమొసలి ఒడ్డున ఇసుకలో గాని మెత్తని మంటిలో గాని గుంట త్రవ్వి, సుమారు ఇరువదియైదు ముప్పది గ్రుడ్లు పెట్టి కప్పివేయును. రెండుమాసములకు అటునిటుగా అవి పొదుగబడును. ఈలోపల ఉడుములు, నక్కలు, అడవిపందులు వానిని దోచును. పిల్లలు వెలికివచ్చిన తరువాత కొంగలు, పెద్దచేపలు, పెద్దమొసళ్లు వానిని తినును. అందుచే ప్రకృతిలో పెరిగి పెద్దదగునది బహుస్వల్పము. కావున గ్రుడ్లను తెచ్చి పొదిగించి, పిల్లలను కొలనులలో సాకి, నాలుగడుగుల పొడవు వచ్చిన పిదప, అనగా సుమారు మూడేండ్లకు, ఏటిలో విడిచిరి. ఆ పొడవునకు వచ్చిన మొసలిని తినగల ప్రాణి ఏటిలో అరుదు. గ్రుడ్లనుండి ఆడుపిల్ల పుట్టుటయు మగపిల్ల పుట్టుటయు గూటి వేడిమిని బట్టి యుండునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి: ముప్పదిరెండున్నర డిగ్రీల ప్రాంతమున మగవి యెక్కువ, అంతకు బాగుగా తగ్గినను, మిక్కిలి హెచ్చినను ఆడువి యెక్కువ. ఇసుక లోతు, చెట్టునీడ, గూటికి నీటికి గల దూరము, ఇవన్నియు సంతతిని నిర్ణయించుచున్నవి. ఇక నేల విచారమును విడిచి ప్రాణివిచారము చేయుట యెట్లు?

ఆ నేల మంజీర. మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరుప్రాంతముమీదుగా తెలంగాణము ప్రవేశించి, ఏడుపాయలవద్ద ఏడు పాయలై చీలి మరల కలిసి, నిజాంసాగరమును నింపి, కందకుర్తివద్ద గోదావరిలో కలియు నది యిది. మంజీరమనగా కాలియందె. నేటి సంగారెడ్డి జిల్లాలో దీనికి అడ్డముగా ఆనకట్ట కట్టి, 1965 నుండి హైదరాబాదునకు త్రాగునీరు కొనిపోయిరి. ఎగువన సింగూరుఆనకట్ట తరువాతిది. ఈ రెండింటి నడుమ సుమారు ముప్పదియారు కిలోమీటర్ల నదీభాగమును 1978లో మొసళ్లకొఱకు అభయారణ్యముగా ప్రకటించిరి. పెంచిన మగ్గరులను విడిచిన చోటులలో నిది యొకటి. అదే సంవత్సరమున గోదావరిపై శివ్వారము అభయారణ్యము కూడ మొసలిపేరనే వెలసినది.

మంజీర జలాశయమున తొమ్మిది చిన్న ద్వీపములు కలవు. వానిలో పుట్టిగడ్డ, బాపనగడ్డ, సంగంగడ్డ, కరణంగడ్డ అను పేర్లు గమనింపదగినవి. గోదావరివారు ‘లంక’ యందురు, కృష్ణవారు ‘దీవి’ యనియు ‘తిప్ప’ యనియు అందురు. ఇచట ‘గడ్డ’. గడ్డ యనగా మంటిపెళ్ల, ఒడ్డు, నేల. ‘లంక’ యన్నప్పుడు నీటిచే చుట్టబడుట స్ఫురించును. ‘గడ్డ’ యన్నప్పుడు నేలయగుటయే ప్రధానము. ఇక పూర్వపదములు చూడుడు. పుట్టి యనగా తెప్పగా వాడు గుండ్రని బుట్టయు కావచ్చును, ధాన్యపుకొలతయు, ఆ కొలతను బట్టి నేలవిస్తీర్ణమును కావచ్చును. బాపనగడ్డ, కరణంగడ్డ అనునవి యెవరి అనుభవములోని భూములో పేర్లే చెప్పుచున్నవి. ఈ పేర్లు జలాశయముకంటె ప్రాచీనములైనచో, ఇవి మొదట ద్వీపములు కావు. ఏటియొడ్డున మాన్యములు, మెరకచేలు. ఆనకట్ట నీటిని నిలిపినప్పుడు పల్లము మునిగి మెరక మిగిలినది. ఇది మా ఊహయే యైనను, ‘కరణం’ అను మాటను మొసలిగాని కొంగగాని పెట్టలేదుగదా!

ఈ ఊహయే మా వాదమునకు మూలము. ‘పునరుద్ధరణ’ మను మాటను నేడు తఱచుగా వాడుచున్నారు. పూర్వమున్న స్థితిని మరల నెలకొల్పుట దాని యర్థము. మంజీర గడ్డలపై పూర్వమున్నది నాగలి. నేడున్నది అంచున జమ్ము, తుంగ, రెల్లు; కొమ్మలపై నీటికాకుల గూళ్లు; బురదలో తెడ్డుమూతి కొంగలు; చలికాలమున హిమాలయముల నావలినుండి వచ్చు చారలతల బాతులు. మొసలి తిరిగి వచ్చినది నిజమే. కాని అది విడిచిపోయిన యేటికి తిరిగి రాలేదు. నగరపు దాహముకొఱకు కట్టిన చెరువునకు వచ్చినది. కావున మొసలివిషయమున ‘పునఃప్రవేశము’ అనుటయు, గడ్డలవిషయమున ‘నవనిర్మాణము’ అనుటయు యుక్తమని మా అభిప్రాయము. ఇది మాటల పేచీ కాదు. పాతది తిరిగి వచ్చినదని నమ్మినవాడు ఇక దానంతటనది సాగునని ఊరకుండును. కట్టినదని యెఱిగినవాడు కాపాడుపనిని మానడు.

సముద్రద్వీపములతో పోల్చిన ఈ భేదము తేటపడును. న్యూజీలాండువారు ఎగురలేని రామచిలుకయైన కాకపోను కాపాడుటకు 1987లో కాడ్‌ఫిష్ ద్వీపమునకు తరలించిరి. పైనుండి వచ్చిపడిన జంతువులను ఆ ద్వీపమునుండి తొలగించిరి. 1998లో ఎలుకలను కూడ నిర్మూలించిరి. అచట కడలియే కోటగోడ; ఒకసారి తుడిచిన నేలపైకి శత్రువు నడచి రాలేడు. మంజీర గడ్డకు కోటగోడ వానాకాలమున లేచును, వేసవిలో కూలును. నీరు దిగినచో గడ్డ పేరునకు తగినట్లు గడ్డయే యగును. పశువులు, కుక్కలు, మనుష్యులు పొడికాలితో నడచిపోవచ్చును.

చిక్కంతయు ఈ వేసవిలోనే కలదు. దక్షిణదేశమున మగ్గరు గ్రుడ్లు పెట్టుకాలము మాఘఫాల్గునములు మొదలు చైత్రమువఱకు; పిల్లలు వెడలునది తొలకరికి ముందువెనుకలుగా. నగరమునకు నీరు మిక్కిలి కావలసినదియు ఆ నెలలలోనే. నీటిమట్టము తగ్గిన కొలది గూటికి నీటికి దూరము పెరుగును. పిల్లలు గ్రుడ్డులోనుండి అరచినప్పుడు తల్లి వచ్చి గుంట త్రవ్వి, వానిని నోట కరచుకొని నీటికి చేర్చును. ఆ పదియడుగుల దూరము నూరడుగులైనచో దారిలో కాచుకొన్న నోళ్లును పెరుగును. ఎగువనుండి అకస్మాత్తుగా నీరు వదలినను కీడే, అల్లు తగిలిన గూటిలో గ్రుడ్లు మురిగిపోవును. 2015–16లో వర్షాభావముచే సింగూరు అడుగంటి, మంజీర జలాశయము ఎండినప్పుడు నగరము కృష్ణాగోదావరీజలములతో దప్పి తీర్చుకొనినది. 2004 నుండి కృష్ణనీరు, 2015 చివరినుండి గోదావరినీరు నగరమునకు చేరుచుండుటచేత అది సాధ్యమైనది. మొసలికి వేఱొక గొట్టము లేదు.

ఐనను ఇచట నగరమును తిట్టి ముగించుట అన్యాయము. ఈ జలము త్రాగునీరు కాకున్నచో ఒడ్డున కర్మాగారములు లేవకుండుట, మురుగు చేరకుండుట, ఎవ్వరిచేత నైనను సాధ్యమయ్యెడిది కాదని మేము తలచెదము. మొసలిపై ప్రేమచే కాదు, కడవపై శ్రద్ధచే ఈ నీరు శుభ్రముగా నిలిచినది. శంషాబాదు ప్రాంతమును దీనికి సాక్షి చెప్పుచున్నది. 1927లో ఈసీనదిపై కట్టిన హిమాయత్‌సాగరును, 1920 నాటి ఉస్మాన్‌సాగరును కాపాడుటకు 1996లో 111వ ప్రభుత్వోత్తర్వు వెలువడి, ఎనుబదినాలుగు గ్రామములలో కట్టడములకు హద్దు లేర్పరచినది. శంషాబాదు మండలములోని పల్లెలు వానిలో కలవు. ఆ నిబంధనచే భూమివిలువ తగ్గినదని రైతులు వగచినమాట నిజము. బీళ్లు, తుమ్మలు, నెమళ్లు మిగిలినమాటయు నిజము. ఆ సాగరములపై నగరము పూర్తిగా ఆధారపడుట మానిన కాలమున, 2022 ఏప్రిలులో 69వ ఉత్తర్వు ఆ యాంక్షలను తొలగించినది. త్రాగునీటిపేర కలిగిన రక్షణ త్రాగునీటి యవసరముతోడనే సడలినది. మంజీరకు కృష్ణ, గోదావరి తోడు వచ్చినప్పుడు మా మనస్సున మెదలు భయ మిదియే.

అత్తాపురమున, ఆ విమానాశ్రయపు బాటప్రక్కనే, అణుజీవశాస్త్రకేంద్రమువారి అంతరించుచున్న ప్రాణుల సంరక్షణప్రయోగశాల 2007లో జాతికి అంకితమైనది. దాని శాస్త్రజ్ఞులును జంతుప్రదర్శనశాలవారును కలిసి 2010 నుండి మూషికజింకను పెంచిరి. కుందేటికంటె కొంచెము పెద్దది, కొమ్ములు లేనిది, రాత్రి తిరుగునది ఆ జింక. 2017లో కొన్నిటిని నల్లమలలో అమ్రాబాదు పులుల అభయారణ్యమున ఫరహాబాదువద్ద తెచ్చి విడిచిరి. ఒక్కసారిగా అడవిపాలు చేయక, మొదట కంచెవేసిన నేలలో నుంచిరి. నీటికి బదులు తీగెతో చుట్టిన ద్వీప మది. అలవాటు పడువఱకే అవసరము. మంజీర మొసలికట్టి గడువు లేదు, దాని ద్వీపము ఏటేట నీటితో కట్టవలసినదే.

పరిశోధకవిద్యార్థులకు ఇందొక పని మిగిలియున్నది. జలాశయముల నీటిమట్టమును దినదినము చిట్టాలకెక్కించుట రివాజు. పూర్వపు గ్రామములలో భూమి యెవరి యనుభవమున నుండెనో తెలుపు రికార్డులు వేఱొక కట్టగా నుండును. ఈ రెండింటిని ఒకచోట పరచి, కరణంగడ్డ యే సంవత్సరమున మొదట నీటినడుమ నిలిచినదో, ఆ పిదప ఏయే వేసవులలో ఒడ్డునకు అంటుకొన్నదో లెక్కకట్టవచ్చును. ఒడ్డు గ్రామముల జాలరులను, కాపులను అడిగి తక్కిన అయిదు గడ్డల పేర్లను వ్రాసికొనుటతో ఆ పని మొదలిడుట మంచిది.