తిరుమల ఘాట్ రోడ్డు: దిగేటప్పుడు తిరిగి వచ్చే శక్తి

ఒకసారి ఛార్జి చేస్తే వాహనం ఎంత దూరం పోతుందన్న ప్రశ్నకు మైదానంలో ఒక జవాబు, కొండదారిలో మరొక జవాబు వస్తుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని తిరుమల ఇందుకు మంచి ఉదాహరణ.

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేవరకు యాత్రికులు మెట్లెక్కేవారు, లేదా డోలీల్లో వెళ్లేవారు. 1974లో రెండవది వచ్చాక ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది అన్న ఏర్పాటు స్థిరపడింది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. 12 టన్నుల బస్సును అంత ఎత్తుకు చేర్చడానికే సుమారు 23 యూనిట్ల శక్తి కావాలి; మీరూ లెక్కకట్టి చూడండి. డీజిల్ బస్సు దిగేటప్పుడు ఆ శక్తి బ్రేకుల్లోనూ ఇంజనులోనూ వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. దశాబ్దాలపాటు దీన్ని ఎవరూ నష్టంగా లెక్కవేయలేదు.

ఆ నష్టాన్ని తగ్గించే పద్ధతిని జనబాహుళ్యానికి పరిచయం చేసినవి హైబ్రిడ్ కార్లు. 1997లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్‌లో బ్రేకు వేస్తే మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి విద్యుత్తు పంపేది. పెట్రోలు అంతే, దూరం ఎక్కువ.

2022 సెప్టెంబరులో అలిపిరి వద్ద ఏపీఎస్ ఆర్టీసీ విద్యుత్ బస్సులు ప్రారంభమయ్యాయి. తిరుపతి ప్రత్యేక జిల్లా అయినదీ ఆ ఏడాదే. వీటిని తయారుచేసింది హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా. ఇవి హైబ్రిడ్‌లు కావు, అసలు ఇంజనే లేదు. సూత్రం మాత్రం అదే. ఎక్కడానికి ఖర్చయినదంతా తిరిగి రాదు, కొంత భాగమే వస్తుంది. అదైనా బ్యాటరీలో ఖాళీ ఉంటేనే. కొండపైన నిండుగా ఛార్జి చేసి దిగే బస్సుకు ఆ విద్యుత్తును దాచుకునే చోటు ఉండదు.