ఉబ్బిన కెపాసిటర్లు

2003 వేసవి, గుంటూరు. పార్టులు కొని నేనే అసెంబుల్ చేసిన కంప్యూటర్ ఊరికే ఆగిపోయేది. "నువ్వు సరిగ్గా బిగించలేదురా" అన్నారు నాన్న. మిర్చియార్డు దుమ్మనుకున్నాను నేను. ర్యామ్‌ అంచుల్ని రబ్బరుతో తుడిచి, స్లాట్లు మార్చి మార్చి పెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపాను. ఏ ర్యామ్ ఏ స్లాటులో పెట్టినా తప్పులే. అంటే జబ్బు మదర్‌బోర్డుది! ప్రాసెసర్ పక్కన కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

ఆ ఏళ్లలో ప్రపంచమంతా ఇదే గోల. కెపాసిటర్లలో పోసిన నాసిరకం ఎలక్ట్రోలైట్ లోపల గ్యాస్ పుట్టించేది. వోల్టేజి నిలకడ తప్పేది. నింద ర్యామ్ మీద పడేది. తర్వాత బోర్డుల్లోకి పాలిమర్ కెపాసిటర్లొచ్చాయి. చరిత్ర దానికి 'కెపాసిటర్ ప్లేగు' అని పేరు పెట్టింది.

మా ఇంట్లో మాత్రం అది ఇప్పటికీ నా తప్పే.