నడిగడ్డలో సైనిక పోషణ, పింఛను ఖర్చు: చరిత్ర

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న ప్రాంతం నడిగడ్డ. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని గద్వాల, మల్దకల్, అలంపూర్ ఇందులోవే. సైనికుడి జీతానికి, కొలువు దిగాక అతని భృతికి సొమ్ము ఎక్కడి నుంచి రావాలన్న చిక్కును ఇక్కడి పాలకులు కాలానికో తీరున పరిష్కరించుకున్నారు. సంస్థానాల కాలంలో భూమి ఇచ్చారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో జిల్లాలకు జిల్లాలే అప్పగించారు. స్వతంత్ర భారతంలో ఏటా కేంద్ర బడ్జెట్‌లో కేటాయిస్తున్నారు. 2022 నుంచి కొత్తగా చేరే జవాన్ల విషయంలో ఈ మూడో పద్ధతి కూడా మారింది.

సంస్థానాల కాలం

కాకతీయుల, విజయనగర రాజుల నాయంకర విధానంలో నాయకుడికి భూమి దక్కేది, దాని రాబడితో అతను నిర్ణీత సైన్యాన్ని పోషించాలి. హైదరాబాద్ రాజ్యంలో పాయ్‌గా జాగీర్లదీ ఇదే తీరు. నిజాం అంగరక్షక దళాల పోషణ కోసం ఇచ్చిన ఆ భూములు క్రమంగా వంశపారంపర్య ఆస్తులయ్యాయి. ఈ ఏర్పాటులో విశ్రాంత భృతి అంటూ వేరే పద్దు లేదు. ముసలివాడైన సిపాయి బాగోగులు అతణ్ణి పోషించే నాయకుడి దయ మీద, అతని కుటుంబం చేతిలో ఉన్న మాన్యం మీద ఆధారపడేవి.

పెద సోమభూపాలుడు 18వ శతాబ్ది తొలినాళ్లలో కోట కట్టించిన గద్వాల సంస్థానం సొంత బలగం ఉంచుకుంటూ నిజాంకు పేష్కష్ (కప్పం) చెల్లించేది. 1908 నాటి ఇంపీరియల్ గెజిటియర్ ఆ పేష్కష్‌ను ఏటా 86,840 రూపాయలుగా చూపింది. కృష్ణకు ఉత్తరాన ఉన్న వనపర్తి రాజా దగ్గర ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో కూడిన దళం ఉండేది. అది తర్వాత నిజాం సైన్యంలో చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేట పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది.

కంటింజెంట్ బాకీలు

కంపెనీ సహాయక సైన్యాన్ని తన ఖర్చుతో ఉంచుకునే సైన్య సహకార ఒప్పందం కుదిరాక సైనిక వ్యయం నిజాం ఖజానాకు మోయలేని బరువైంది. 1800 ఒప్పందం ప్రకారం, ఆ ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను నిజాం కంపెనీకి శాశ్వతంగా ఇచ్చేశాడు. నేటి రాయలసీమలో అధిక భాగం ఇలా దత్త మండలాలైంది.

ఆ సహాయక సైన్యం చాలదన్నట్టు, హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ హెన్రీ రస్సెల్ 1813లో మరో దళాన్ని సిద్ధం చేశాడు. రస్సెల్ బ్రిగేడ్‌గా మొదలై హైదరాబాద్ కంటింజెంట్‌గా పెరిగిన ఆ దళంలో అధికారులు ఆంగ్లేయులు, ఖర్చు మాత్రం నిజాంది. నెలనెలా జీతాలకు పేష్కార్ చందూలాల్ విలియం పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర అప్పులు చేశాడు. ఆ అప్పు తీర్చడానికి 1823లో ఉత్తర సర్కారుల మీద నిజాంకు ఏటా రావలసిన పేష్కష్‌ను ఈస్టిండియా కంపెనీ 1,16,66,666 రూపాయలకు ఒకేసారి తెగ్గొట్టింది. సర్కారు జిల్లాల మీద ఏటేటా అందవలసిన రాబడి అలా సైన్యం బాకీకి హరించుకుపోయింది.

అయినా బకాయిలు ఆగలేదు. 1853 మే 21న కుదిరిన ఒప్పందంలో బేరార్, ధారాశివ్‌లతో పాటు కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదినీ కంపెనీ పాలనకు అప్పగించారు. కనీసం 5,000 మంది కాల్బలం, 2,000 మంది ఆశ్వికులు, నాలుగు ఫిరంగి దళాల ఖర్చు వీటి రాబడి నుంచి రావాలి. కొందరు మరాఠా పింఛనుదారుల చెల్లింపులనూ ఇదే రాబడికి తగిలించారు. మిగులు ఉంటే లెక్క చూపి నిజాంకు ఇస్తామన్నది షరతు. పాలనా ఖర్చు తేల్చేదీ మిగులు తేల్చేదీ కంపెనీయే కావడంతో ఆ లెక్కలు నిత్య వివాదమయ్యాయి.

1857 తిరుగుబాటులో నిజాం తమ పక్షాన నిలిచినందుకు బ్రిటిష్ ప్రభుత్వం 1860లో 50 లక్షల బాకీని రద్దు చేసి, రాయచూరు, ధారాశివ్‌లను తిరిగి ఇచ్చింది. బేరార్‌ను తన దగ్గరే ఉంచుకుని, దాని లెక్కలు ఇక అడగకూడదన్న నిబంధన పెట్టింది. 1902లో ఏటా 25 లక్షల రూపాయలకు బేరార్ శాశ్వత కౌలుకు పోయింది. మరుసటి ఏడాది కంటింజెంట్ భారత సైన్యంలో కలిసిపోయింది.

విలీనం తర్వాత

1948 సెప్టెంబరు సైనిక చర్యతో నిజాం సొంత సైన్యానికి కాలం చెల్లింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. భూమి ఇచ్చి సైన్యాన్ని పోషించుకునే పాత పద్ధతి దాంతో ముగిసింది. మన్సబుల వంటి వంశపారంపర్య నగదు భృతుల హక్కులు తేల్చడానికి 1952లో అతియత్ విచారణల చట్టం చేశారు. 1950 ఏప్రిల్ 1న జరిగిన ఆర్థిక విలీనంతో సంస్థానాల రక్షణ బాధ్యతలు కేంద్రానికి వెళ్లాయి. రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956లో మహబూబ్‌నగర్‌లో చేరాయి. నడిగడ్డ సిపాయి పింఛను అప్పటికే ఢిల్లీ ఖర్చు.

నిధి లేని చెల్లింపు

భారత సైనిక పింఛనుకు ముందుగా కూడబెట్టిన నిధి ఏదీ లేదు. రక్షణ పింఛన్ల పేర ఉన్న పద్దుకు పార్లమెంటు ఏటా డబ్బు మంజూరు చేస్తుంది. అంటే నిన్నటి సేవ ఖర్చును నేటి పన్ను చెల్లింపుదారు భరిస్తాడు. రోమ్‌లో అగస్టస్ క్రీ.శ. 6లో మాజీ సైనికుల కోసం ప్రత్యేక ఖజానా పెట్టి, వారసత్వ ఆస్తులపై 5 శాతం, వేలం అమ్మకాలపై 1 శాతం పన్ను దానికి మళ్లించాడు. అమెరికా 1984 నుంచి సైనికుల భవిష్యత్ పింఛనుకు కావలసిన మొత్తాన్ని వారు కొలువులో ఉండగానే లెక్కగట్టి నిధిలో జమ చేస్తోంది. ఆ పద్ధతిలో కొత్త నియామకాల అసలు ఖర్చు ఆ ఏడాదే కనబడుతుంది. భారత పద్ధతిలో అది దశాబ్దాల తర్వాత బయటపడుతుంది.

ఖర్చు పెరగడానికి ప్రధాన కారణం జవాన్ల వయసు. 15 ఏళ్ల సర్వీసుకే పింఛను అర్హత వస్తుంది, చాలామంది నలభై దాటకముందే ఇంటికి వస్తారు. కొలువు చేసిన కాలం కంటే పింఛను తీసుకునే కాలమే ఎక్కువ. అతను మరణించాక భార్యకు కుటుంబ పింఛను అందుతుంది. వేతన సంఘాల సవరణలు, కరువు భత్యం దీనికి తోడవుతాయి. 2015–16లో 60 వేల కోట్ల రూపాయల స్థాయిలో ఉన్న రక్షణ పింఛన్ల పద్దు 2025–26 బడ్జెట్‌లో 1,60,795 కోట్లకు చేరింది. మొత్తం రక్షణ కేటాయింపు 6,81,210 కోట్లలో ఇది దాదాపు 23.6 శాతం. రక్షణ శాఖలోని సివిల్ ఉద్యోగుల పింఛన్లూ ఇందులోనే ఉన్నాయి.

ఒకే ర్యాంకు, ఒకే పింఛను

మూడో వేతన సంఘం తర్వాత, 1973 నుంచి మారిన లెక్కలతో పాత, కొత్త పింఛనుదారుల మధ్య తేడా పెరుగుతూ వచ్చింది. పింఛను ప్రభుత్వ దయాధర్మం కాదని, ఉద్యోగి హక్కని 1982 డిసెంబరులో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో పార్లమెంటుకు చెందిన కోషియారీ కమిటీ ఒకే ర్యాంకు, ఒకే పింఛను కావాలంది. 2015 నవంబరు 7న ఉత్తర్వులు వెలువడ్డాయి, 2014 జులై 1 నుంచి అమలు చేశారు. తొలి విడతలోనే ఏటా 7,123 కోట్ల అదనపు ఖర్చు తేలింది. ఏటా సవరించాలన్నది మాజీ సైనికుల కోరిక. ప్రభుత్వం అయిదేళ్లకోసారి అంది. 2022 మార్చిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ విధానాన్ని సమర్థించింది.

చెల్లింపుల నిర్వహణ కూడా మారింది. ఖజానాలు, బ్యాంకుల ద్వారా నడిచిన పింఛన్లు 2021 నుంచి దశలవారీగా ప్రయాగ్‌రాజ్ రక్షణ పింఛన్ల కార్యాలయం నడిపే స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి.

అగ్నిపథ్

2004 జనవరి నుంచి కేంద్ర సివిల్ ఉద్యోగులకు ఉద్యోగి, ప్రభుత్వం చెరి కొంత చందా కట్టే కొత్త పింఛను పథకం వచ్చినా, సైనిక దళాలను దాని నుంచి మినహాయించారు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం మరో దారి పట్టింది. ఇందులో చేరే జవానును అగ్నివీర్ అంటారు. నాలుగేళ్ల కొలువులో అతని వేతనం నుంచి నెలకు 30 శాతం నిధికి వెళుతుంది. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. ముగింపులో వడ్డీతో సహా సుమారు 11.71 లక్షల రూపాయలు చేతికొస్తాయి. గ్రాట్యుటీ, పింఛను ఉండవు. 25 శాతం వరకు మాత్రమే శాశ్వత సర్వీసులోకి వెళతారు.

దీనివల్ల పింఛన్ల పద్దు వెంటనే తగ్గదు. ఇప్పటికే విశ్రాంతిలో ఉన్నవారికి, పాత నిబంధనలపై కొలువులో ఉన్నవారికి చెల్లింపులు ఇంకా దశాబ్దాల పాటు సాగాలి. పొదుపు కనిపించేది ఆ తర్వాతే. ఈలోగా నాలుగేళ్లకే ఊరు చేరే యువకుడి మిగతా జీవితపు భారం మాత్రం ప్రభుత్వ ఖాతా నుంచి అతని కుటుంబం మీదకు మారుతుంది.