వ్యక్తిత్వ లక్షణాలు: విద్యార్థుల చదువు, స్నేహాలు

విద్యార్థి మార్కులకూ స్నేహాలకూ అతని స్వభావంతో ఉన్న సంబంధం విద్యా మనస్తత్వశాస్త్రంలో విస్తృతంగా అధ్యయనం చేసిన అంశం. ఈ పరిశోధనల్లో ఎక్కువగా వాడేది ‘బిగ్ ఫైవ్’ నమూనా. ఇందులో ఐదు లక్షణాలను కొలుస్తారు: కార్యదీక్ష, బహిర్ముఖత్వం, సౌమ్యత, కొత్త విషయాలపై ఆసక్తి, భావోద్వేగ అస్థిరత. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ ఇంగ్లిష్ నిఘంటువు నుంచి మనిషిని వర్ణించే 17,953 మాటలు ఏరారు. తర్వాతి పరిశోధకులు అలాంటి మాటలను వడకడుతూ ఈ ఐదింటికి చేరుకున్నారు.

చదువు

మార్కుల విషయంలో ముందుండేది కార్యదీక్ష. ఆర్థర్ పోరోపాట్ 2009లో, 70,000 మందికి పైగా విద్యార్థుల సమాచారమున్న అధ్యయనాలను గుదిగుచ్చి చూశారు. కాలేజీ స్థాయిలో మార్కులకు తెలివితేటలతో ఎంత సంబంధం ఉందో, కార్యదీక్షతోనూ దాదాపు అంతే ఉందని తేలింది. హోంవర్కు వేళకు ముగించడం, క్లాసు మానకపోవడం, పరీక్ష దాకా ఆగకుండా ఏ రోజు పాఠం ఆ రోజు చదవడం ఈ లక్షణమున్నవారి అలవాట్లు.

ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్‌మన్ 2005లో అమెరికాలోని ఎనిమిదో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనమూ ఇదే దారిలో నడిచింది. ఏడాది చివరి మార్కుల్లోని తేడాలను ఐక్యూ కన్నా, కార్యదీక్షకు దగ్గరి లక్షణమైన స్వీయ నియంత్రణ రెట్టింపుకు మించి వివరించింది.

స్నేహాలు

స్నేహాల దగ్గరికి వచ్చేసరికి బహిర్ముఖత్వం, సౌమ్యత ముందుకొస్తాయి. బెర్లిన్‌లో యెన్స్ ఆసెన్‌డార్ఫ్, సుజానె విల్పర్స్ కొత్తగా యూనివర్సిటీలో చేరిన 132 మందిని 18 నెలలు గమనించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. తోటివారితో ఎన్ని పరిచయాలు ఏర్పడతాయి, ఎన్ని గొడవలు వస్తాయి, ప్రేమలో పడతారా లేదా అన్నవాటిపై స్వభావం ప్రభావం చూపింది. ఆ సంబంధాలు మాత్రం స్వభావాన్ని మార్చలేదు.

నెదర్లాండ్స్‌లో మొదటి సంవత్సరం విద్యార్థులపై 2010లో వెలువడిన అధ్యయనం మరో తేడా చూపింది. బహిర్ముఖులు ఎక్కువమందిని స్నేహితులుగా ఎంచుకుంటారు. సౌమ్యులను ఎక్కువమంది ఎంచుకుంటారు.

పరిమితులు

ఇవన్నీ సగటు లెక్కలు. పోరోపాట్ లెక్కలో కార్యదీక్షకూ మార్కులకూ సహసంబంధం సుమారు 0.22. అంటే మార్కుల్లోని తేడాల్లో అది వివరించేది 5 శాతమే. పైగా కొలతల్లో చాలావరకు విద్యార్థులు తమ గురించి తాము నింపిన ప్రశ్నావళులే. కాబట్టి ఒక వ్యక్తిత్వ పరీక్షను చూసి పిల్లలను సెక్షన్లుగా విడదీయడానికి ఈ ఫలితాలు ఆధారం కావు.