కాఫీ హోటలు - పఠనమందిరము

మన పల్లెలలో చదువుగదుల చరిత్ర వ్రాయువారు సాధారణముగా 1914వ సంవత్సరముతో ప్రారంభింతురు. ఆ యేడు ఏప్రిల్ నెలలో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతను గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి ఫలించి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికయై వెలువడ నారంభించినదియు 1914లోనే. ఈ రెంటిని గూర్చియు పెద్దలు చాల వ్రాసియున్నారు. పల్లెకు చదువును మోసికొనివచ్చిన మూడవది యొకటి కలదు. దానికి అధ్యక్షులు లేరు, తీర్మానములు లేవు. అది కాఫీ హోటలు. రజతోత్సవ సంచికలో హోటలు ప్రసక్తి యేమని కొందరికి తోచవచ్చును. రెండు నిమిషములు ఓపిక పట్టవలెనని నా మనవి.

1960వ దశకమున నేనెరిగిన హోటళ్లు బస్సు ఆగు చోట తాటాకు పందిరిక్రింద ఉండెడివి. రెండు బల్లలు, నాలుగు బెంచీలు, పొగచూరిన బాయిలరు. ఉదయము ఇడ్లీ, పెసరట్టు. మధ్యాహ్నము కారపు బూందీ. పత్రికల కట్ట బస్సులోనే వచ్చెడిది. వచ్చిన ప్రతి యొక్కటే, చదువువారు ఇరువదిమంది. కావున కాగితములు విడదీసి తలకొకటి పంచుకొనెడివారు. ధరవరలు ఒకరికి, కోర్టు వార్తలు మరియొకరికి. సినిమా ప్రకటనల పుటకు మాత్రము పోటీ యెక్కువ. సాయంకాలమునకు దానిపై తారల మొగములు పచ్చడి మరకలలో మునిగియుండెడివి. ఒకే కాఫీతో గంటసేపు కూర్చున్నవానిని చూచి యజమాని, "ఏమండీ, కాఫీ అయిందిగాని పేపరింకా కాలేదా?" అని అడిగెడివాడు. అక్షరము రాని రైతులు సైతము ప్రక్కవాడు పైకి చదువగా విని, విన్నదానిపై వాదించి, కోపము వచ్చినప్పుడు మరల చదివించుకొనెడివారు. ఈ వినికిడి చదువును ఏ జనాభా లెక్కయు పట్టలేదు.

నగరములలో కథ వేరు. కలకత్తా కాలేజీ వీథిలోని ఆల్బర్టు హాలున 1942లో కాఫీ హౌసు తెరచిరి. పాత పుస్తకముల అంగళ్లు చుట్టును ఉండుటచే కొన్న పుస్తకమును అక్కడనే విప్పి చదువుట అలవాటయ్యెను. కాఫీ బోర్డు తన హౌసులను మూసివేయబూనగా, ఏ.కే. గోపాలన్‌గారి ప్రోత్సాహముతో పనివారే 1957 మొదలు సహకార సంఘములుగా ఏర్పడి వానిని నిలుపుకొనిరి. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో ఉర్దూ పత్రిక, చాయ, కవిత్వము మూడును ఒకే బల్లపై నడచినవి. ఆ బల్లలయొద్ద కూర్చున్నవారిలో కవులు, విద్యావంతులు పెక్కురు. మన పందిరిక్రింద కూర్చున్నవారు పొలమునుండి వచ్చినవారు. నాకు ఈ రెండవదియే గొప్పగా తోచును.

అయినను ఆ బెంచీపై ఎవరు కూర్చుండగలిగిరి? హోటలును పొగడువారు ఈ ప్రశ్న దాటవేయుదురు. బ్రాహ్మణులకు ప్రత్యేకముగా గదియో తెరయో పెట్టిన హోటళ్లు దక్షిణదేశమున చాలకాలము నడచినవి. హోటళ్ల పేళ్లనుండి 'బ్రాహ్మణ' శబ్దమును తొలగింపవలెనని పెరియార్ అనుయాయులు మద్రాసులో 1957లో ఆందోళనము సలుపవలసి వచ్చెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున అంగళ్లను, హోటళ్లను పేరుపెట్టి చెప్పి, కులమునుబట్టి ఎవరిని వారింపరాదని శాసించెను. అస్పృశ్యతా నేరముల చట్టము 1955లో వచ్చెను. అయినను దళితులకు వేరు గ్లాసు, బయట నిలువుకాళ్ల కాఫీ అనేక గ్రామములలో పోలేదు. పందిరి గుంజకానుకొని, లోపల ఎవరో చదువుచున్న వార్తను బయటనుండి విన్నవారిని నేనెరుగుదును. వారును పత్రిక విన్నవారే. బెంచీ మాత్రము వారిది కాలేదు.

గ్రంథాలయము దీనికి మందు కాగలదు, కాని తనంతట తాను కాలేదు. పెద్దల వీథిలో, ఒకరి అరుగుపై వెలసిన పఠనమందిరమునకు ఆ వీథిలో అడుగిడలేనివాడు ఎట్లు వచ్చును? అందరి దారిలో నున్న స్థలమున సొంత కట్టడము లేచినచోటనే తలుపు నిజముగా తెరచుకొనెను. అందుచే స్థలదాతల పేళ్లు రాతిపై చెక్కుట నాకు అతిశయముగా తోచదు.

స్త్రీల మాట వేరు. హోటలు వారికి పూర్తిగా నిషిద్ధము. పఠనమందిరములో మగవారి నడుమ కూర్చుండుటయు దుర్లభమే. అయితే హోటలు పత్రిక హోటలు దాటదు, గ్రంథాలయ పుస్తకము ఇంటికి పోవును. గుంటూరు మండలమున పాతూరి నాగభూషణంగారు 1935లో కాలువపై నడపిన పడవ గ్రంథాలయము పుస్తకమును రేవునకే తెచ్చెను. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చౌక నవలలు వంటయింటి గడపలు దాటినవి. ఆయన వేయి నవలలు వ్రాసిరని ప్రసిద్ధి. తరువాత ఎమెస్కోవారి పాకెట్ పుస్తకములు వచ్చినవి. కాలక్షేపపు నవలలు కొని గ్రంథాలయ ధనము వ్యర్థము చేయరాదని పెద్దలు పలుచోట్ల వాదించిరి. ఆ మాటకు నేను సమ్మతింపను. పగలెల్ల పనిచేసినవారు దీపము ముందు తమకై ఉంచుకొన్న గంట అది.

పాత గ్రంథాలయముల జారీ పుస్తకములను తిరుగవేసిన వింతయొకటి కనిపించును. నవలల కెదురుగా నున్న పేళ్లన్నియు మగవారివి; గురుతుకై సంతకము చేసినవారు బడిపిల్లలు. పుస్తకము తెరచినచో పుటల నడుమ పసుపు వేళ్ల ముద్రలు, అక్కడక్కడ ఎండిన మల్లెరేకు.