ఫౌజీ రమ్ము – దాని కొలత

సెలవు మీద ఊరికి వెళ్ళిన ప్రతి ఫౌజీకీ తెలిసిన ప్రశ్న ఒకటుంది. కుశల ప్రశ్నలు అయ్యాక గొంతు కొంచెం తగ్గించి, "ఏం బాబాయ్, మిలటరీ రమ్ము ఏమన్నా తెచ్చావా?" అని అడుగుతారు. జనం దృష్టిలో మిలటరీ అంటే మొదట తుపాకీ, తర్వాత నల్ల ట్రంకు పెట్టె, ఆ తర్వాత రమ్ము. అయితే ఈ రమ్ము మన బారెక్కులోకి ఎక్కడి నుంచి వచ్చిందో మనలోనే చాలామందికి తెలియదు. జె.సి.ఓ.గా యూనిట్లో రమ్ము లెక్కలు చూసినవాడిని కాబట్టి, నాకు తెలిసినంతవరకు ఆ చరిత్ర చెబుతాను.

చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి మడ్డిని మొలాసిస్ అంటారు. దాన్ని పులియబెట్టి బట్టీ పడితే వచ్చేదే రమ్ము. 17వ శతాబ్దంలో వెస్టిండీస్ చెరకు తోటల్లో ఇది పెరిగింది. 1655లో ఇంగ్లీషువాళ్ళు జమైకాను పట్టుకున్నాక వాళ్ళ నావికాదళంలోకి ఎక్కింది. ఓడలో నిలవ నీళ్ళు పాచి పట్టేవి, బీరు పులిసిపోయేది, రమ్ము మాత్రం చెడదు. అందుకని మనిషికి రోజుకు అర పింటు, అంటే సుమారు 280 మిల్లీలీటర్లు ఇచ్చేవారు. ఇక ఓడ మీద క్రమశిక్షణ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఒక ఆర్డరు వేశాడు. ఒక వంతు రమ్ముకు నాలుగు వంతుల నీళ్ళు కలపాలి, అదీ ఒకేసారి కాకుండా రోజుకు రెండుసార్లుగా ఇవ్వాలి. ఆయన తొడిగే గ్రోగ్రామ్ గుడ్డ కోటును బట్టి ఆ పానీయానికి 'గ్రోగ్' అని పేరు పడింది. ఫౌజులో రమ్ముకు కొలత పెట్టిన గట్టి ఆర్డర్లలో ఇదొకటి. తర్వాత ఆ కొలత తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 1970 జూలై 31న బ్రిటిష్ నావికాదళంలో రోజువారీ రమ్ము పూర్తిగా ఆగిపోయింది.

మన సీసా లేబులు మీద 42.8 శాతం అని, 75 డిగ్రీల ప్రూఫ్ అని, 25 యు.పి. అని ఉండేది చూసే ఉంటారు. యు.పి. అంటే ఉత్తరప్రదేశ్ అనుకునే కుర్రాళ్ళు ప్రతి యూనిట్లోనూ ఉండేవారు! అసలు అర్థం 'అండర్ ప్రూఫ్'. వెనకటి రోజుల్లో సారాయిలో నీళ్ళు కలిపారో లేదో తేల్చడానికి తుపాకీ మందును దాంతో తడిపి నిప్పు పెట్టేవారట. మందు అంటుకుంటే సరుకు సరైనదే అని 'ప్రూఫ్' దొరికినట్టు. తర్వాత ఇంగ్లీషు లెక్కలో 57 శాతం చిల్లర ఆల్కహాలును నూరు డిగ్రీల ప్రూఫ్‌గా ఖాయం చేశారు. అందులో నూటికి డెబ్భై ఐదు వంతులే మన 42.8 శాతం. తుపాకీ మందుతో మొదలైన కొలత కాబట్టి ఫౌజీ సీసా మీద అది ఉండటం సబబే.

ఇక మన దేశం సంగతి. ఈస్టిండియా కంపెనీ తెల్ల సోల్జర్లకు మొదట ఇచ్చింది మన సారానే. కల్లు కాచి తీసినది, గోవా నుంచి, బటావియా నుంచి వచ్చినది, ఏది దొరికితే అది. యుద్ధంలో కంటే తాగుడుతోనూ జ్వరాలతోనూ ఎక్కువ మంది మంచాన పడేవారు. సారా కంటే బీరు నయమనే ఆలోచన కూడా ఉండేది. చల్లని కొండల మీద బీరు ఫ్యాక్టరీలు వెలిశాయి. 1855 ప్రాంతంలో ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఆయన కసౌలీలో మొదలుపెట్టిన బ్రూవరీ అలాంటిదే. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ ఆయన కొడుకే. 1885 నుంచి 1893 వరకు కమాండర్-ఇన్-చీఫ్‌గా ఉన్న జనరల్ రాబర్ట్స్ అయితే సోల్జర్ల చేత తాగుడు మాన్పించే సంఘాలను ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. 1949లో డయ్యర్ మీకిన్ కంపెనీ ఎన్.ఎన్. మోహన్ చేతికి వచ్చింది. అదే తర్వాత మోహన్ మీకిన్ అయింది. 1954లో 'ఓల్డ్ మాంక్' రమ్ము విడుదలైంది. ఆ సంస్థను చాలా ఏళ్ళు నడిపిన కపిల్ మోహన్ రిటైరైన బ్రిగేడియరు. 2018లో కాలం చేశారు. విచిత్రం ఏమంటే ఆయన మద్యం ముట్టేవారు కాదని చెబుతారు. బెంగుళూరు ఖోడే వారి హెర్క్యులిస్ రమ్ము కూడా మన క్యాంటీన్లలో బాగా తెలిసిన సరుకే. జవానుకు విస్కీ కాకుండా రమ్మే ఎందుకంటే, చెరకు పండే దేశంలో మొలాసిస్‌కు కొదవ లేదు. బొబ్బిలి, తణుకు, బోధన్ చెరకు రైతులను అడిగితే ఆ మడ్డి వాసన ఎలా ఉంటుందో చెబుతారు.

పోస్టుల మీద రమ్ము ఇష్యూ ఎలా జరిగేదో మీకు తెలుసు. రిజిస్టరు ఉంటుంది, ఎదురుగా జె.సి.ఓ. నిలబడతాడు, మగ్గులో పోస్తారు. అక్కడే తాగాలి, దాచుకోవడం కుదరదు, ఇంకొకరి వంతు తీసుకోవడం కుదరదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ట్రెంచుల్లో రాతి జాడీల్లోంచి రమ్ము పోసినప్పుడూ పద్ధతి ఇదే. నా సర్వీసులో తాగని వాడిని తాగమని బలవంతం చేయగా చూడలేదు. బడాఖానా రోజున ఆఫీసరు, జె.సి.ఓ., జవాను ఒకే చోట గ్లాసు పట్టుకునేవారు. ఆ కలివిడికి నేను ఇప్పటికీ విలువ ఇస్తాను.

ఒక్క అపోహ మాత్రం తుడిచేయాలి. రమ్ము చలిని ఆపదు. తాగగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది, కానీ లోపలి వేడి బయటికి పోతుంది. 1984 నుంచి సియాచిన్‌లో మనవాళ్ళు పడుతున్న కష్టంలో ఇది చావు బతుకుల సంగతి. అందుకే ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడే రోజుల్లో మందు జోలికి పోవద్దని డాక్టర్లు అంటారు.

పోస్టింగుల పుణ్యమా అని ఇళ్ళలో కాచే బీర్లూ చూశాం. లడఖ్‌లో బార్లీతో చేసే ఛాంగ్, సిక్కింలో వెదురు పాత్రలో పులిసిన చోడి గింజల మీద వేణ్ణీళ్ళు పోసి వెదురు గొట్టంతో పీల్చే తోంగ్బా, మన ఏజెన్సీలో జీలుగు కల్లు. పండగకో పెళ్ళికో పెద్దల ముందు తాగుతారు. అక్కడ కూడా ఊరి కట్టుబాటే కొలత.

కొలత తప్పితే ఏమవుతుందో మన ఆడవాళ్ళు దేశానికే చెప్పారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన కూలి స్త్రీలు సారా అంగడి ఊళ్ళో ఉండటానికి వీల్లేదన్నారు. రోశమ్మ గారి పేరు అప్పుడే అందరికీ తెలిసింది. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. చట్టం పోయినా ఆ ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న పోలేదు.

ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. సర్వీసులో మన కొలత మన చేతిలో లేదు. రిజిస్టరు చూసుకుంది, సుబేదార్ సాబ్ చూసుకున్నాడు, పొద్దున్నే పి.టి. చూసుకుంది. పింఛను ఇచ్చి ఇంటికి పంపిన రోజున క్యాంటీన్ కార్డు మిగిలింది, రిజిస్టరు పట్టుకున్న మనిషి మిగల్లేదు. యుద్ధంలో ఏమీ కాని మనిషి, రిటైరైన నాలుగేళ్ళకే లివరు చెడి మిలటరీ ఆసుపత్రిలో పడటం మనం చూడలేదా? తన కోటా సీసాలను ఊళ్ళో అమ్ముకుని, యూనిట్ పేరును కూడా దాంతోపాటు అమ్ముకున్నవాళ్ళు లేరా?

రమ్ము మానమని నేను ఉపన్యాసం ఇవ్వడం లేదు. మానేవాళ్ళకు సెల్యూట్. తాగేవాళ్ళను అడిగేది ఒకటే. మన సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే పెద్ద పెగ్గులు పన్నెండున్నర. అది ఇంట్లో ఎన్నాళ్ళు వస్తున్నదో ఎవరికి వారు ఒక కాగితం మీద రాసి చూసుకోండి. ఆ కాగితం ఇంటి ఇల్లాలి చేతికి ఇవ్వగలిగితే కొలత సరిగ్గా ఉన్నట్టే. జైహింద్.