కాఫీ తోటలకు గడ్డమంచు రక్షణ: బ్రెజిల్ చరిత్ర

బ్రెజిల్‌లో గడ్డమంచుతో కాఫీ రైతుల పోరు ప్రధానంగా పరానా రాష్ట్రంలో సాగింది. మకరరేఖ ఈ రాష్ట్రం ఉత్తర భాగం మీదుగా పోతుంది. 20వ శతాబ్దం మధ్యనాటికి కాఫీ సాగు సావో పాలో నుంచి లోండ్రినా చుట్టుపక్కల ఎర్రనేలలకు విస్తరించింది. నేల సారవంతమైనదే, అక్కడి చలికాలమైన జూన్, జులైల్లో దక్షిణం నుంచి వచ్చే చలిగాలులతోనే చిక్కు.

అరబికా రకం కాఫీ ఆకు ఉష్ణోగ్రత సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు కిందికి దిగితే కణజాలం చచ్చి ఆకు మాడిపోతుంది. మబ్బులేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి నీళ్లలా పల్లానికి జారుతుంది. అందుకే అన్నిటికన్నా పాత రక్షణ, నేటికీ మేలైనది, మెరకలో నాటడమే. తోటల్లో పొగ పెట్టే పద్ధతీ ఉండేది. నేల వదిలే వేడిని పొగ పెద్దగా ఆపలేదు కనుక, దానివల్ల చెట్టు కన్నా రైతు మనసుకే ఊరట ఎక్కువ.

1953, 1955 దెబ్బలను తట్టుకున్న పరానాను 1975 జులై 18 నాటి ‘నల్ల గడ్డమంచు’ కోలుకోనివ్వలేదు. ముందురోజు రాష్ట్ర రాజధాని కురిచీబాలో మంచు కురిసింది. తెల్లారేసరికి రాష్ట్రంలోని తోటలు దాదాపు అన్నీ మాడిపోయాయి. మరుసటి ఏడు అక్కడ పంటే లేదనాలి. 1977లో న్యూయార్క్‌లో పౌను కాఫీ ధర 3 డాలర్లు దాటింది. చాలామంది చెట్లు పెరికి సోయా, గోధుమ వేశారు. కాఫీ ఉత్తరాన మినాస్ జెరాయిస్ రాష్ట్రం వైపు తరలింది. ఒకరకంగా ఆ వలసే అతిపెద్ద రక్షణ చర్య.

ఉన్నచోటే సాగు చేసినవారికి 1972లో ఏర్పడిన పరానా వ్యవసాయ పరిశోధనా సంస్థ తోడైంది. ఆరు నెలల లోపు మొక్కలను చలి ముంచుకొచ్చే ముందు పూర్తిగా మట్టితో కప్పి, ముప్పు తప్పగానే తీసేయాలి. రెండేళ్ల లోపు మొక్కలకు మే నెలలోనే మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, సెప్టెంబరు దాకా ఉంచాలి. కొమ్మలు పోయినా కాండం బతికితే మళ్లీ చిగురిస్తుంది. సాళ్ల మధ్య కంది వేసి లేత మొక్కలకు నీడ పట్టే పద్ధతినీ పరీక్షించారు. మన పప్పు కందే అక్కడ వేడిని నిలిపే గొడుగు. 1995 నుంచి శీతాకాలంలో ముందస్తు హెచ్చరికలు కూడా ఇస్తున్నారు.

ఎదిగిన చెట్టుకు ఇవేవీ పనికిరావు. 2021 జులైలో గడ్డమంచు మినాస్ జెరాయిస్‌నూ తాకింది. బాగా దెబ్బతిన్న చెట్లను నేలకు దగ్గరగా నరికి, కొత్త కొమ్మలు కాపుకొచ్చేదాకా రెండు మూడేళ్లు ఆగడమే మిగిలింది.